వారం చెప్పని వాన కబురు

వాన వస్తుందని నేను చెప్పే గదిలోకి వాన చప్పుడు రాదు. గోడలకు నల్లటి స్పాంజి పలకలు అంటించారు. కిటికీ లేదు. తలుపు మూస్తే బయట మాదాపూర్ మొత్తం నోరు మూసుకున్నట్టు ఉంటుంది. ఏసీ రొద మాటల్లో పడుతుందని దాన్నీ కట్టేస్తారు. నడి ఎండాకాలంలో ఆ గదిలో చెమటలు కక్కుతూ, చల్లటి గాలులు వీస్తాయని నిదానంగా చదవాలి. ఆ పనే నాది.

ఆ ఆఫీసు రైతులకు కబుర్లు పంపుతుంది. ఏ మండలంలో ఏ పంట ఉంది, ఏ పురుగు పడుతోంది, వాన ఉందా లేదా, మార్కెట్లో ధర ఎలా ఉంది, అన్నీ చూసి నిమిషం లోపు మాటగా చేసి పొద్దున్నే ఫోన్లకు పంపుతారు. ఫోను మోగుతుంది, ఎత్తితే నా గొంతు. ఎత్తనివాళ్ళకు అదే మాట వాట్సాప్‌లో వస్తుంది. వ్యవసాయం చదివిన పిల్లలు విషయం ఇస్తారు. రాసే అమ్మాయి దాన్ని మాటల్లో పెడుతుంది. నేను చదువుతాను. రైతుల్లో చాలామందికి చదువు రాదు, వచ్చినా కళ్ళజోడు చేలోకి తీసుకుపోరు. అందుకని రాత కంటే గొంతు నయమని ఇట్లా పెట్టారు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అప్పుడు మా ఆయన మదీనాగూడలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. మూడో అంతస్తులో రిటైరైన టీచరమ్మ ఉండేది. మధ్యాహ్నం పూట పొద్దుపోక సెల్లారులో కుర్చీ వేసుకుని నన్ను కూర్చోబెట్టేది. పలక లేదు, పెద్ద బాలశిక్ష లేదు. పాత న్యూస్‌పేపర్లే. నేను ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి మాట "కందులు". మార్కెట్ ధరల డబ్బాలో దొరికింది. ఆ తర్వాత వరుసగా పెసలు, మినుములు, పత్తి. టీచరమ్మ తెల్లబోయింది. ఆమె సినిమా పేజీ ఇస్తే నేను ధరల పేజీకి పోయేదాన్ని. ఆ పేజీలో అన్నీ నాకు ముందే తెలిసిన సరుకులు, పేర్లు పోల్చుకోవడం సులువు. చదువు వస్తే కళ్ళు తెరుచుకుంటాయని అంటారు. నా కళ్ళు పుట్టినప్పటి నుంచీ తెరిచే ఉన్నాయి. బస్సు బోర్డు చూపించి ఇది ఎక్కడికి పోతుందని ఒకర్ని అడిగే పని తప్పింది. నాకు అది చాలు.

రాసే అమ్మాయి కూడా ఆ అపార్టుమెంటులోనే ఉంటుంది, రెండో అంతస్తులో. కృష్ణా జిల్లా పిల్ల. ఎవరితో మాట్లాడినా మాట చివర అండి అని తగిలిస్తుంది, చివరికి కరెంటు బిల్లు తెచ్చిన కుర్రాడికి కూడా. ఒక ఆదివారం లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుంది.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం వింటారా? రైతులకు పంపేదండి ఇది. అర్థమవుతుందో లేదో చెప్పండి చాలు."

ఫోనులో వినిపించింది. పత్తిలో రసం పీల్చు పురుగుల ఉధృతిని గమనించినచో తగు సస్యరక్షణ చర్యలు చేపట్టవలెను అని ఒక మగ గొంతు, సంతాప సభలో మాట్లాడినట్టు.

"ఇది రైతుకా బిడ్డా, కలెక్టరుకా?" అన్నాను.

"అయ్యో, అంత ఘోరంగా ఉందాండీ?"

"ఘోరం కాదు, మర్యాద ఎక్కువైంది. పురుగు ఆకు కింద కూసుండి రసం తాగుతుంటే గమనించినచో ఏంది? ఆకు తిప్పి చూడుమను. దోమ కనపడ్డదా, మందు కొట్టుమను."

"ఏ దోమండీ? తెల్లదోమా, పచ్చదోమా?"

"ఏదైతేంది?"

"అదెలా కుదురుతుందండీ! రెండింటికీ మందు వేరు. మీరు చెప్పినట్టు చెబితే వాళ్ళు దొరికిన డబ్బా తెచ్చి కొడతారు." ఆ పిల్ల నన్ను నిలదీసింది. మేము ఊళ్ళో చేసింది అక్షరాలా అదే, దొరికిన డబ్బా తెచ్చి కొట్టాము. ఆ రోజు లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది, మేమిద్దరం అక్కడే నిలబడి ఆ ఒక్క మాటను సాపు చేసుకున్నాం. వారం తిరిగేసరికి ఆఫీసుకు రమ్మంది. మొదట వినడానికి పిలిచారు, తర్వాత చదవమన్నారు. నేను కూడబలుక్కుని చదువుతాను, తొందర రాదు. మేనేజరు సారు అది విని, "అమ్మా, ఈ స్పీడే కావాలి. మా వాళ్ళంతా న్యూస్ చదివినట్టు ఉరుకుతున్నారు," అన్నాడు. చదువు ఆలస్యంగా రావడం ఒక అర్హత అవుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే ఆల్విన్ చౌరస్తాలో బస్సెక్కడం, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు తీసుకోవడం, కొండాపూర్, కొత్తగూడ దాటి మాదాపూర్‌లో దిగడం. మెడలో కార్డులు వేసుకున్న పిల్లల మధ్య నేనూ మెడలో కార్డు వేసుకుని గేటు దగ్గర దాన్ని చూపిస్తాను. సెక్యూరిటీ అబ్బాయి మాత్రం ఇప్పటికీ, "ఏ ఫ్లోరు క్లీనింగమ్మా?" అని అడుగుతాడు. "నోటి క్లీనింగు," అంటాను.

మొదట్లో కబురు ముందు తేదీ ఉండేది. రాసే అమ్మాయి పెట్టింది. నమస్కారం, ఈ రోజు ఫలానా నెల ఫలానా తేదీ, ఇది ఫలానా మండలం రైతుల కోసం అని. అదంతా అయ్యేసరికి వినేవాళ్ళు ఫోను పెట్టేస్తున్నారని మేనేజరు సారు కంప్యూటర్లో గీతలు చూపించాడు. ఆ గీత మొదట్లోనే కొండ మీంచి జారినట్టు కిందికి దిగింది.

"ఫస్ట్ లైన్లోనే మ్యాటర్ రావాలి," అన్నాడు.

అందరం తలలూపాము. తేదీ తీసేశారు. మండలం పేరు, వెంటనే విషయం. గీత బాగుపడింది, సారు సమోసాలు తెప్పించాడు.

మా చెల్లెలిది వికారాబాద్ దిక్కు ఒక ఊరు. ఎర్రనేలలో పత్తి వేస్తారు. చెల్లెలు నాకంటే బాగా చిన్నది, చదువు రాదు, నోరు మాత్రం నాకంటే పెద్దది. నా గొంతు మొదటిసారి ఫోనులో విన్న రోజు ఆమె ఆనందం చూడాలి.

"అక్కా, నీ గొంతు మా ఊర్ల పోరగాండ్ల ఫోన్లల్ల గూడ మోగుతున్నది. మా ఆయన చాయ్ తాక్కుంట నీ మాట ఇంటుండు. నేను చెప్తె ఎన్నడన్న ఇన్నడా?"

"నీకు జీతమిచ్చి చెప్పిస్తే వింటడేమో."

"గందుకే నీ మాట అన్ని గ్రూపులల్ల ఏస్తున్న. మా ఆడబిడ్డ ఊరికి గూడ పంపిన."

నా కబురు ఆ ఊరి గ్రూపు నుంచి ఆడబిడ్డ ఊరి గ్రూపుకు, అక్కడి నుంచి ఇంకెవరి ఊరికో పోయేది. మంచి మాట నలుగురికీ చేరుతోందని నాకూ సంబరమే. ఆఫీసులో సారు ఇంకా సంబరపడ్డాడు, డబ్బు ఖర్చు లేకుండా తిరుగుతోంది కదా.

ఆ ఏడు కార్తీకంలో పత్తి బాగా పగిలింది. పత్తి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కాయ పగిలి దూది తెల్లగా బయటికి వచ్చాక దానికి వాన తగలకూడదు. తగిలితే నల్లబడుతుంది, గింజ మొలకెత్తుతుంది, కొనేవాడు ముక్కు మూసుకుంటాడు. అట్లాగని వానకు భయపడి పొద్దున్నే మంచు మీద ఏరినా పనికిరాదు. ఆ తేమ బస్తాలోకి వస్తుంది, కొనేవాడు చెయ్యి పెట్టి చూసి చెయ్యి తీసేస్తాడు. మంచు ఆరాలి, వాన రాకముందే అయిపోవాలి. ఆ నడుమ ఉన్న పొద్దులో చేనంతా ఏరాలంటే ఇంటివాళ్ళ వల్ల కాదు, ఆడకూలీల గుంపు రావాలి. ఆ గుంపు ఊరంతటికీ ఒక్కటే. ముందు రోజే వాళ్ళకు చెప్పి పెట్టుకోవాలి.

దీపావళి పోయాక ఒకసారి వాన సూచన వచ్చింది. నేను చదివాను. రేపు మధ్యాహ్నం తర్వాత వాన పడవచ్చు, పగిలిన పత్తి చేలో ఉంచకండి, ఈ రోజే ఏరుకోండి అని. మరుసటి రోజు చెప్పినట్టే పడింది. చెల్లెలి ఊళ్ళో సగం చేలు అప్పటికే ఏరేశారు. ఆ రోజు ఆమె ఫోను చేసి, అక్కవు కాదు నువ్వు దేవతవు అన్నది. దేవతకు ఇంత వయసుండదులే అన్నాను.

కొన్ని రోజులకు మళ్ళీ ఫోను వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను.

"ఏందక్కా, నీ వాన బస్సు తప్పిపోయిందా?"

"ఏ వాన?"

"గదే, రేపు పగటేల అంటివి గదా. నిన్న మా ఆడబిడ్డ పంపింది. ఇయ్యాల కోడి కూయకముందు లేసి, కూలోల్లను కాళ్ళు మొక్కి తోలుకొచ్చి, మంచు మీద ఒక మూల ఏరిపిచ్చిన. ఆకాశం జూస్తె అద్దం లెక్క ఉన్నది. పత్తి జూస్తె తడిబట్ట లెక్క ఉన్నది."

"నేను నిన్న వాన అనలేదు. నిన్న చెప్పింది కాయ తొలిచే గులాబీ పురుగు గురించి."

"నువ్వు చెప్పలేదా? ఆగు, నీ నోటితోనె ఇనిపిస్త."

వాళ్ళాయన ఫోను తెచ్చి తన ఫోనుకు ఆనించింది. రేపు మధ్యాహ్నం తర్వాత వాన పడవచ్చు. నా గొంతే. నా మాటే. ఆ మాట మధ్యలో నేను ఊపిరి తీసుకున్న చోటు కూడా నాదే. అయినా ఆ మాట నేను నిన్న చెప్పలేదు. నేను ఇక్కడ కూర్చుని ఉంటే నా గొంతు అక్కడ తిరుగుతూ పనులు చెబుతోంది.

రాసే అమ్మాయి వచ్చి విన్నది. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. "ఇది పాతదండి. దీపావళి తర్వాత పంపింది. ఊళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ వీళ్ళ దగ్గరికే వచ్చింది."

ఫోనులో దాని కింద నిన్నటి టైమే ఉంది. పంపిన టైము చూపిస్తుందే కానీ, మాట పుట్టిన టైము చూపించదు. ఒకరు ఈ రోజు పంపితే ఈ రోజే రేపు అంటుంది. ఇంకొకరు నాలుగు రోజులాగి పంపితే అప్పుడూ రేపు అంటుంది. ఎన్ని ఊళ్ళు తిరిగినా దాని రేపు అయిపోదు. పంపినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఆడబిడ్డ పత్తి తడవొద్దని ఒకామె, మా బావ తడిసిపోతాడని ఒకాయన, అందరూ మంచికే పంపారు.

మేనేజరు సారును పిలిచాము. ఆయన విని తల పట్టుకున్నాడు. ఫైలు పేరులో తేదీ పెడదామన్నాడు. మళ్ళీ ఆయనే, "చదవలేరు కదా," అని కొట్టేశాడు. బొమ్మ మీద ఎర్ర అక్షరాలతో వేద్దామన్నాడు. "అదీ చదవాల్సిందే కదా," అని మళ్ళీ ఆయనే అన్నాడు. తేదీ మాట మొదట్లో ఉండేదని ఎవరూ అనలేదు. రాసే అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నేను సమోసాల రోజు గుర్తు చేసుకున్నాను.

అదే సమయానికి వ్యవసాయం చదివిన అబ్బాయి ఒకడు లోపలికి వచ్చి, శుక్రవారం మధ్యాహ్నం వికారాబాద్ వైపు గట్టి వాన ఉంటుందని చెప్పాడు. ఆ రోజు బుధవారం.

సాయంత్రం ఇంటికి పోతూ బస్టాపులోనే చెల్లెలికి చెప్పాను. నేను నేరుగా మాట్లాడుతున్నాను కదా, నా మాట నమ్మింది. అయితే చిక్కు ఆమె నమ్మడంతో తీరలేదు.

"నేను నమ్మితె ఏమొస్తదక్కా? ఏరేటోల్లు రావాలె గదా. ఒకపాలి నిజమైంది. ఇంకోపాలి ఉత్తగ ఉరికొచ్చిన్రు. మంచుల ఏరితె చేతులు మొద్దుబారినయని తిట్టిన్రు. గుంపు పెద్ద ఏమంటున్నదో తెల్సా? మీ అక్క నోట్ల దినాం వాననే, ఆమెకు ఇంకో పాట రాదా అంటున్నది."

"మరి చేను?"

"మిగిలిన చేను తెల్లగ ఉన్నది. మొత్తం పగిలింది. ఇంటి ఎనక గుట్టమీదికెల్లి చూస్తె దూది పరిచినట్టు ఉన్నది." చెల్లెలి గొంతులో ఎగతాళి పోయింది. "గదొక్కటి తడిస్తె ఈ ఏడు చేతికి ఏం రాదక్కా. మల్ల పగలడానికి కాయలు గూడ లేవు. జర ఏదన్న చెయ్యి."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కొత్తగూడ దగ్గర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. అట్లా కూర్చుంటే మా పుట్టింటి ఊళ్ళో చాటింపు వేసే పెద్దాయన గుర్తుకొచ్చాడు. చెరువు తూము ఎప్పుడు ఎత్తుతారో, పశువుల డాక్టరు ఎప్పుడు వస్తాడో, ఎరువుల లారీ ఎప్పుడు దిగుతుందో ఆయనే చెప్పేవాడు. మూడు బజార్లు కలిసే చోట నిలబడి డప్పు కొట్టి, ముందుగా వారం చెప్పేవాడు. ఇయ్యాల సోమారం అనేవాడు. తర్వాత అమాస పోయి ఎన్ని రోజులైందో, పున్నం ఎంత దూరం ఉందో చెప్పేవాడు. ఆ తర్వాతే విషయం. చిన్నప్పుడు మేము ఆయన వెనక తిరుగుతూ, సోమారమని మాకు తెల్వదా తాతా అని ఆటపట్టించేవాళ్ళం. ఆయన డప్పు పుల్లతో బెదిరించి, నాకు తెల్వాలె గద పిల్లా అనేవాడు.

వారం ఎందుకు చెప్పేవాడో నేను అప్పుడు ఆలోచించలేదు. నిజానికి ఆయనకు ఆ అవసరం కూడా లేదు. ఆయన చెప్పిన మాట ఆయనతో పాటే ఇంటికి పోయేది, మరుసటి రోజు ఆ చౌరస్తాలో తిరిగేది కాదు. నా మాటకే ఆ కట్టడి లేదు.

తేదీ మాకు అప్పుడు తెలియదు. అక్షరాలు వచ్చాకే గోడ మీది క్యాలెండరు నాకు పనికొచ్చింది. అంతకు ముందు నా రోజులన్నీ అంగడి వారాన్ని బట్టి, చంద్రుణ్ణి బట్టి నడిచాయి. మా చెల్లెలికీ, ఆమె చేను ఏరే ఆడవాళ్ళకూ ఇప్పటికీ అట్లాగే నడుస్తాయి. కబురులో తేదీ ఉన్న రోజుల్లో కూడా వాళ్ళు ఫోను ఎందుకు పెట్టేశారో బస్సు కదిలేసరికి నాకు అర్థమైంది. తేదీ చెప్పడం తప్పు కాదు, వాళ్ళు ఆ తేదీతో బతకడం లేదు.

గురువారం పొద్దున ఆఫీసులో ఆ మాటే చెప్పాను. ముందు వారం చెబుదాం, తర్వాత చంద్రుడి సంగతి చెబుదాం, తర్వాత వాన.

మేనేజరు సారు నవ్వాడు. "అమ్మా, మనది వెదర్ అలర్ట్. పంచాంగం కాదు."

"పంచాంగం చూసే గద సారూ మీరు కొత్త ఫ్లాట్ల పాలు పొంగిచ్చింది?"

"అది మా మదర్ ఫోర్స్ చేసింది."

"ఈ పత్తి ఏరేటోల్లు గూడ అమ్మలే సారూ."

రాసే అమ్మాయి అప్పటికే ఫోనులో చూస్తోంది. "రేపు కార్తీక పౌర్ణమి అండి. నేను ఉపవాసం కూడా. వాన పడేది సరిగ్గా రేపేనండి." ఆమె ముఖం వెలిగింది. "సర్, పౌర్ణమి అంటే ఎవరూ పొరబడరండి. తల ఎత్తితే కనపడుతుంది. వచ్చే వారం ఎవరన్నా ఈ ఆడియో పంపినా, చంద్రుడు అరిగిపోయి ఉంటాడు కదండీ."

"వచ్చే నెల పంపితే?" అన్నాడు సారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

"అందుకే కార్తీక పున్నం అని నెల కూడా చెబుదామండి."

"మబ్బు ఉంటే?"

"మబ్బు ఉంటే వాన వస్తదని తెల్సిపోతది సారూ," అన్నాను నేను.

సారు నవ్వలేదు కానీ కుర్చీలో వెనక్కి వాలాడు. "గీత పడిపోతే బాధ్యత మీ ఇద్దరిదీ."

రాసే అమ్మాయి రాసింది, నేను సరిచేశాను. నేను సరిచేసిన దాన్ని ఆమె మళ్ళీ సరిచేసింది. ఏరడం ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పకపోతే మళ్ళీ మంచులోనే ఏరతారని వ్యవసాయం చదివిన అబ్బాయి అడ్డుపడ్డాడు. అది మాకిద్దరికీ తట్టలేదు. గదిలోకి పోయి తలుపు మూసుకున్నాను. ఏసీ కట్టేశారు. ఆ రోజు కాగితం మీద ఉన్నది ఇది:

ఇయ్యాల గురువారం. రేపు శుక్రవారం, కార్తీక పున్నం. పున్నం నాడు మధ్యాహ్నం దాటినంక గట్టి వాన ఉంది. పగిలిన పత్తి ఉంటే రేపు పొద్దున మంచు ఆరినంక మొదలుపెట్టి, మధ్యాహ్నం లోపు ఏరుకోండి. పున్నం దాటిందంటే ఈ కబురు చెల్లదు. ఆ తర్వాత ఎవరన్నా మీకు పంపితే నమ్మకండి, ముందుకు పంపకండి.

మామూలుగా నేను ఒక్కసారికి చదవలేను. తడబడతాను, మళ్ళీ మొదలుపెడతాను. ఆ రోజు ఒక్కసారికే అయిపోయింది. వారం చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే గొంతు కొంచెం పైకి లేచింది, బజారులో నిలబడ్డట్టు. గది బయట రికార్డింగు చేస్తూ వింటున్న అబ్బాయి, అట్లాగే ఉంచుదామన్నాడు.

మధ్యాహ్నానికి పంపారు. చెల్లెలికి నేను ఫోను చేయలేదు. చేసి ఏం చెప్పాలి? ఆమెకు ముందే చెప్పాను. ఇప్పుడు వినాల్సింది ఆ గుంపు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒక్కరి నంబరూ నా దగ్గర లేదు.

పొద్దుగూకే వేళ మదీనాగూడలో బస్సు దిగాను. హైవే దాటి మా సందులోకి మళ్ళుతుంటే రెండు అపార్టుమెంట్ల నడుమ చంద్రుడు వచ్చాడు. అంచున కాస్త కొరత, లేకపోతే నిండు. టిఫిన్ బండి దగ్గర నిలబడి చూశాను. అటు వికారాబాద్ దిక్కున కూడా ఇదే కదా వచ్చేది, ఎవరన్నా తల ఎత్తారా లేదా అనుకున్నాను. బండి అతను, "ఏం చూస్తున్నవ్ పెద్దమ్మా, డ్రోనా?" అన్నాడు.

శుక్రవారం పొద్దున అలవాటు ప్రకారం ఆఫీసుకు పోయాను. ఆ రోజు చదవాల్సింది కంది పూత గురించి. మనసు అందులో లేదు, పూత అన్న చోట కోత అని చదివాను. మళ్ళీ చదివించారు. రాసే అమ్మాయి ఉపవాసంతో నీరసంగా కూర్చుని, అరగంటకోసారి, "ఏమన్నా తెలిసిందాండీ?" అంటోంది. "ఫోను చూసి చూసి నువ్వు సొమ్మసిల్లేటట్టున్నవ్, మజ్జిగ తాగు," అంటే, "మజ్జిగ తాగకూడదేమోనండి," అంది. తాగొచ్చని నేను తీర్పు ఇచ్చాను. తాగింది.

మధ్యాహ్నం చాలా పొద్దుపోయాక చెల్లెలి నుంచి ఫోను కాదు, గొంతు మెసేజీ వచ్చింది. గది బయట బెంచీ మీద కూర్చుని ఇద్దరం విన్నాం. ముందు ఒక పెద్ద హోరు. రేకుల కప్పు మీద వాన. ఆ హోరులో చెల్లెలు అరుస్తోంది.

"ఇయ్యాల శుక్రారం, కార్తీక పున్నం. ఇంటున్నవా అక్కా? మల్ల పాత మెసేజీ అంటవేమోనని ముందుగాలనే చెప్తున్న. నిన్న పొద్దుగూకినంక గుంపు పెద్ద మా వాకిట్లకు వచ్చింది. చంద్రుని దిక్కు చూసింది, ఫోను దిక్కు చూసింది, ఈపాలి మీ అక్కకు దినం యాదికున్నదని నవ్వింది. అందరు రాలె. కొందరే వచ్చిన్రు. మంచు ఆరేదాక గట్టు మీద కూసోబెట్టి చాయ్ పోసిన. పత్తి ఇంట్లకు వచ్చింది. అర్రల పోసినం, కాలు పెట్టే జాగ లేదు. వాగు దిక్కు నాలుగు సాల్లు మిగిలినయ్, గవి తడుస్తున్నయ్. నాకు ఏడుపొస్తున్నది గని నవ్వుతున్న."

వాన హోరు కాసేపు ఒక్కటే వినబడింది. మెసేజీ అయిపోయిందనుకున్నాం. అంతలో మళ్ళీ ఆమె గొంతు.

"అయినా అక్కా, మధ్యాహ్నం దాటినంక అంటివి. మేము బువ్వ తినకముందె దిగింది. గా నాలుగు సాల్లకు ఎవలు జవాబు చెప్తరు, నువ్వా, మీ సారా?"

రాసే అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "మధ్యాహ్నం అంటే ఎప్పటి నుంచో కూడా రాయాలండి ఈసారి," అంది.